పేటలోని ప్రసంగపీఠము

ఏలూరు మొదలుకొని దెందులూరు, భీమడోలు, ఉంగుటూరుల మీదుగా తాడేపల్లిగూడెము వరకు సాగు రాజమార్గమునను, దానికి దక్షిణముగా కొల్లేటి అంచున చేపల చెరువుల గట్లపై నడచు పుంతదారులలోను పోవువారికి, గ్రామ గ్రామమునకును చివర, ఊరికి కొంత యెడముగా, ఒక పేటయు, ఆ పేట నడుమ శిలువ నిలిపిన యొక ప్రార్థనామందిరమును కానవచ్చును. వీనిలో కొన్ని తాటాకు పాకలుగా పుట్టి, రేకుల షెడ్లయి, నేడు రంగులు వేసిన డాబాలైనవి. కొన్ని దొరల కాలపు సున్నపు గోడలతో నేటికిని నిలిచియున్నవి. ఊరిలో రచ్చబండ కలదు, పంచాయతీ కార్యాలయము కలదు, సహకార సంఘ భవనము కలదు. కాని పేటవారు ఎవరి యనుమతియు కోరక, ఎవరి యెదుటను తల వంచక, నలుగురు కూడి కూర్చుండి మాటలాడుకొనగల కప్పుగల చోటు చాలచోట్ల ఆ మందిరమొక్కటియే. అచట వారము వారము నిలిచి గంటసేపు మాటలాడు హక్కు కలవాడు, ప్రతి గడపలోని కష్టసుఖములును ఎఱిగినవాడు, పురిటికిని చావునకును పిలువబడువాడు, పేటవారు అయ్యగారని పిలుచుకొను పాస్టరు. ఆ గంటసేపు ఆయన యేమి చెప్పవలెనన్నదే నేనిక్కడ చర్చింపదలచిన విషయము. పరలోకమును గూర్చి మాత్రమే చెప్పవలెనా, పేట మీద జరుగు అన్యాయమును గూర్చియు చెప్పవలెనా యని అడిగినచో, రెండవది లేని మొదటిది అసంపూర్ణమని నా దృఢవిశ్వాసము.

ఈ ప్రశ్నను మనకంటె ముందుగా ఎదుర్కొన్నవారు అమెరికాలోని నల్లజాతి క్రైస్తవులు. బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తన కష్టార్జితముతో తానే కొనుక్కొన్న రిచర్డ్ ఆలెన్ అను బోధకుడు, ఫిలడెల్ఫియా నగరమునందలి తెల్లవారి దేవాలయములో మోకరించి ప్రార్థించుచున్న తనవారిని పట్టి లేవదీసిన అవమానమును సహింపలేక, వారినందఱను వెంటబెట్టుకొని బయటికి నడచిపోయెను. ఆ నడకనుండి పుట్టినదే 1816లో సంఘటితమైన ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము. అప్పటినుండియు నల్లవారి దేవాలయము వారికి కేవలము ప్రార్థనాస్థలము కాదు. అది పాఠశాల, పరస్పర సహాయ నిధి, న్యాయసభ, అన్నియు తానే. 1955 డిసెంబరు 5వ తేది సాయంకాలమున, బస్సులో తెల్లవానికి చోటు విడువనందుకు రోసా పార్క్సు అను స్త్రీని నిర్బంధించిన నాలుగు దినములకు, మాంట్‌గొమెరీ పట్టణములోని నల్లవారు వేలకు వేలుగా వచ్చి చేరినది ఏ నగర మందిరమునకును కాదు, హోల్టు స్ట్రీటు బాప్టిస్టు దేవాలయమునకు. ఆ రాత్రి మాటలాడిన మార్టిన్ లూథర్ కింగు ఇరువదియారేండ్ల పాస్టరు, ఆ యూరికి వచ్చి యించుమించు ఏడాది మాత్రమే అయినవాడు. 381 దినములు వారు బస్సెక్కలేదు. ఎక్కని దినములలో పనికి పోవువారిని చేరవేయుటకు నడచిన బండ్లలో కొన్ని దేవాలయముల పేర కొనబడినవి. బహిష్కారమును నడిపిరను నేరముపై ఎనుబదిమందికి పైగా జనులమీద అభియోగము మోపగా, వారిలో పాస్టర్లు ఇరువదిమందికి మించియుండిరి.

ఇంతటి సాహసము పాస్టర్లకెట్లు కలిగినది? ఆధ్యాత్మిక బలము కలదనుట నిజమే; కాని దానికి తోడు, సాధారణముగా చరిత్రకారులకు తెలిసియు మన బోధకుల చెవిని పడని యొక లౌకిక కారణమున్నది. తెల్లవాని పత్తిచేలో కూలిచేయువాడు నోరెత్తినచో మరునాడు పని పోవును. తెల్లవారు నడుపు పాఠశాలలో బోధించువాడు నోరెత్తినచో ఉద్యోగము పోవును. పాస్టరొక్కడు మాత్రము నల్లవారి కానుకలతో బ్రతుకువాడు. ఆయన జీతము తెల్లవాని చేతినుండి రాదు, ఆయన యిల్లు తెల్లవానిది కాదు, ఆయన నిలిచిన ప్రసంగపీఠము క్రింది నేల తెల్లవానిది కాదు. చాకలిపనిచేయు స్త్రీలును, వంటలవారును, కూలీలును చిల్లర నాణెములు కూడబెట్టి పోషించుకొన్న మనుష్యుడు గనుకనే ఆయన వారి పక్షమున నిర్భయముగా మాటలాడగలిగెను. పోషణ ఎవరిదో ప్రసంగమును వారిదే యగును.

ఈ సూత్రమును మన మండలమునకు అన్వయించి చూచినచో, మన సంఘచరిత్రలోని బలమును, లోపమును రెండును కనబడును.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్సు వెంట 1836లో వచ్చిన బౌడెను, బీరు దంపతులు నరసాపురము పక్కల చేరి గోదావరి డెల్టాలో బోధింప మొదలిడిరి. 1841లో ఫాక్సు, నోబులులు మచిలీపట్నమున చర్చి మిషనరీ సొసైటీ పనిని ఆరంభింపగా, 1854 నాటికి ఆ పని ఏలూరికి వచ్చినది. లూథరను మిషనువారు 1842లో గుంటూరున దిగి, కొలదికాలములోనే రాజమహేంద్రవరము వైపు విస్తరించిరి. ఇది దొరల చరిత్ర. కాని పేటలు క్రైస్తవములోనికి వచ్చిన చరిత్ర దీనికి భిన్నమైనది. రాఘవాపురము మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మము పొందుటకు ముందే సత్యమేదియని తనంత తానే వెదకుచు తిరిగినవాడు. ఒంగోలు ప్రాంతమున మాదిగ పెద్ద యెఱ్ఱగుంట్ల పేరయ్యయు అట్టివాడే. దొరలు పై కులములవారికై కళాశాలలు కట్టి, పై నుండి క్రిందికి సువార్త దిగునని నిరీక్షించుచుండగా, క్రిందినుండి జనము వచ్చి తలుపు తట్టినది. ఆ జనమును దొరలు పిలువలేదు. ఆ జనమే దొరలను పేటకు రప్పించుకొన్నది. ఈ మాట నొక్కి చెప్పుటకు కారణము కలదు: ఆశ చూపి మతము మార్చిరను ఆరోపణ నేటికిని ఆ పేటల నెత్తిమీద వ్రేలాడుచున్నది, ఆ ఆరోపణలో పేటవాని బుద్ధియు స్వేచ్ఛయు రెండును తృణీకరింపబడుచున్నవి.

పేటలో ఆ దినములలో నిలిచినవాడు దొర కాదు, ఉపదేశి. పగలు కూలికి పోయి వచ్చిన పిల్లలకును పెద్దలకును రాత్రివేళ లాంతరు వెలుగున అక్షరములు నేర్పి, ఆ యక్షరములతోనే వాక్యము చదివించి, కరణము వ్రాసిన కాగితములో ఏమున్నదో చదువగల వానిని పేటలో తొలిసారిగా పుట్టించినవాడు ఆతడే. మన సాంఘిక చరిత్రను వ్రాయువారు ఆతనిని గూర్చి రెండు పుటలైనను వ్రాయకపోవుట చింతింపదగినది.

ఈ ఉపదేశులకు తండ్రివలె నిలిచినవాడు దోర్నకల్లు బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టి, 1912 డిసెంబరు 29వ తేదీన ఆంగ్లికను సంఘమున భారతీయులలో ప్రథమ బిషప్పుగా అభిషిక్తుడై, 1945 జనవరి 1న మరణించువరకు తెలుగు పల్లెలలో ఎద్దుబండిపై తిరిగిన మహనీయుడు. 1910లో ఎడింబరో మహాసభలో నిలిచి, తెల్లదొరలు తమకు సమానులుగా భారతీయులను చూడని సంగతిని వారి ముఖముననే చెప్పిన ధైర్యశాలి. ఆయన చేసినవానిలో నేను ముఖ్యముగా ఎంచునది ఒకటే: దొరల ధనముపై ఆధారపడు సంఘము ఎన్నటికిని పెద్దది కానేరదని గ్రహించి, వంటకు పోయునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము తీసి దేవుని కుండలో వేయుడని పేట స్త్రీలకు నేర్పించెను. ఆ పిడికెడు బియ్యముతోను, కోతపండుగలో తెచ్చిన ధాన్యముతోను ఉపదేశి కుటుంబము బ్రతికినది. రిచర్డ్ ఆలెన్ చేసినదియు ఇదియే. దారులు వేఱు, సత్యమొకటే.

కాని ఆ సత్యమును మనము పూర్తిగా అనుసరింపలేదు. మిషనులు వెళ్లిపోయిన తరువాత వానివలన సంక్రమించిన బడులు, ఆసుపత్రులు, పట్టణ నడిబొడ్డులోని స్థలములు సంఘములకు వరముగాను శాపముగాను తయారైనవి. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘమును, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమును స్వతంత్రములైనను, అప్పటినుండి వాని పెద్దల శక్తిలో ఎంతయో భాగము ఆస్తి తగవులలోను, ఎన్నికలలోను, కోర్టు వ్యాజ్యములలోను హరించిపోయినది. అద్దెలు వచ్చు దుకాణములున్న సంఘమునకు పేటవాని పిడికెడు బియ్యముతో పనిలేదు. పేటవాని బియ్యముతో పనిలేని పాస్టరునకు పేటవాని బాధతోను పని తక్కువయగును. ఈ మాట కఠినముగా నుండవచ్చును గాని, సంఘమును ప్రేమించువాడెవడును దీనిని కాదనజాలడని నా తలంపు.

అందుచేతనే నాకు ఇటీవలి నలుబది యేండ్లలో పేట పేటకును వెలసిన స్వతంత్ర సంఘములను గూర్చి, పలువురు విద్యావంతులకున్న చిన్నచూపు లేదు. 1938లో లూథరను సంఘమును విడచి ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషనును స్థాపించినపుడు, ఒక తెలుగువాడు ఏ విదేశ మిషను ఆశ్రయమును లేక సంఘము నడుపగలడా యని సందేహించినవారు లేకపోలేదు. నేడు అట్టి స్వతంత్ర సంఘములు లెక్కకు మిక్కిలియై యున్నవి. ఆ పాస్టర్లు వేదాంత కళాశాలలలో చదివినవారు కారనియు, బిగ్గరగా మైకు పెట్టుదురనియు ఆక్షేపణలు. ఉండవచ్చును. కాని వారిలో అధికసంఖ్యాకులు ఆ పేటలోనే పుట్టి, ఆ పేట కానుకలతోనే బ్రతుకుచున్నవారు. అనగా, హోల్టు స్ట్రీటున మాటలాడిన పాస్టరు నిలిచిన నేలపైననే వారును నిలిచియున్నారు. నిలిచిన నేల అదియైనను, పలుకు మాట మాత్రము అది కాదు. స్వస్థత కూటముల ప్రకటనలు, దశమభాగమిచ్చినచో ఆశీర్వాదములు కురియునన్న వాగ్దానములు, విదేశములనుండి దిగుమతియైన సంపద సువార్త ఆ ప్రసంగపీఠమును ఆక్రమించినవి. రోజుకూలి తెచ్చుకొను తల్లి తన జబ్బుపడిన బిడ్డను ఎత్తుకొని వచ్చి, విశ్వాసము చాలలేదు గనుక బాగుపడలేదన్న నిందను కూడ మోసికొని పోవుచున్నది. బాధపడువానినే బాధకు కారణముగా చూపు బోధ, వెనుకటి జన్మపు పాపఫలమని మన పెద్దలు పేటకు చెప్పిన మాటకే కొత్త వేషము కాదా?

1959 ఫిబ్రవరి, మార్చి మాసములలో కింగు మన దేశమున పర్యటించినపుడు, తిరువనంతపురములో హరిజన విద్యార్థులు చదువు పాఠశాలకు పోయిరి. అచటి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన మీతోటి అస్పృశ్యుడని పిల్లలకు పరిచయము చేసెను. తన్నట్లనుట ఆయనకు మొదట అదరిపాటును, కొంత నొప్పిని కలిగించినది; పిమ్మట తన దేశపు మురికివాడలలో మ్రగ్గుచున్న తన జనమును తలచుకొని, ఆ మాట సత్యమేనని తనలో తానొప్పుకొనెను. ఈ సంగతిని ఆయన 1965 జూలై 4న అట్లాంటాలోని తన సంఘమునకు ప్రసంగపీఠమునుండియే చెప్పెను. అంతకు ముందే 1946లో డాక్టరు అంబేడ్కరు నల్లజాతి పండితుడగు డుబాయ్సునకు లేఖ వ్రాసి, ఇరువురి జనముల స్థితిలోని సామ్యమును ప్రస్తావించియుండెను. కావున ఈ పోలిక నా కల్పన కాదు. ఆ బాధ ననుభవించినవారే ఒకరినొకరు గుర్తించిన బంధుత్వమిది.

అయినను పోలికకు హద్దులు కలవు. నల్లవారి సంఘమునకు జాత్యహంకారము తలుపు వెలుపల నిలిచిన శత్రువు. మన సంఘములోనికి కులము బాప్తిస్మము పొందక లోనికి వచ్చి, ముందు వరుసలో కూర్చున్నది. మిషనులు కులము కులముగా జనమును చేర్చుకొన్నందున, ఒకచోట బాప్టిస్టులన్న మాదిగలును, మరియొకచోట లూథరనులన్నను చర్చి మిషనువారన్నను మాలలును అధికముగా నిండిరి. ఒకే ఊరిలో, ఒకే ప్రభువునకు, ఒకే కీర్తనల పుస్తకముతో మాలపేటకొక మందిరము, మాదిగపేటకొక మందిరము. మాదిగ పాస్టరును అంగీకరింపని మాల సంఘములును, రెండు పేటల నడుమ పెండ్లియనగానే కత్తులు దూయు సంఘపెద్దలును నేటికిని ఉన్నారు. రెడ్డి, కమ్మ క్రైస్తవులున్న విచారణలలో ఇరువర్గములకు వేఱువేఱు సమాధుల స్థలములుండుట రహస్యము కాదు. హైదరాబాదు ఆచార్యుడు కొత్తపల్లి విల్సను 1982లో వ్రాసిన ఆంగ్లగ్రంథమునకు దళిత క్రైస్తవులు రెండుమార్లు వెలివేయబడినవారను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఊరు ఒకసారి, సంఘము ఒకసారి. మహాకవి జాషువ క్రైస్తవ గృహమున పుట్టియు, 1941 నాటి గబ్బిలమున తన నిరుపేద కథానాయకుని మొర నాలకించుటకు ఏ ప్రసంగపీఠమును దొరకక, చీకటిగూటి పక్షిచేత కాశీకి కబురంపవలసివచ్చెను. ఆ కావ్యము చదివిన ప్రతి పాస్టరును, నా మందిరము ఆ మొరను విని యుండునా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది.

ఈ విషయమున మన మండలమునకు ఒక గౌరవము దక్కినది. 1976లో విజయవాడ మేత్రాసనమునుండి విడివడి ఏలూరు మేత్రాసనము ఏర్పడగా, ములగాడ జాన్ దాని ప్రథమ మేత్రాణియై 2009లో మరణించువరకు దానిని పాలించిరి. ఏలూరు, తాడేపల్లిగూడెముల నడుమ నున్న భీమడోలులో 1942లో పుట్టిన మారంపూడి జోజి, ఖమ్మము, విజయవాడలకు మేత్రాణియై, 2000లో హైదరాబాదు అగ్రపీఠమునకు ఎక్కి, ఈ దేశమున దళితులలో ప్రథమ అగ్రపీఠాధిపతి యయ్యెను. సంఘములోపలనే ఆ నియామకమును బహిరంగముగా ఆక్షేపించినవారుండిరని తలచుకొన్నప్పుడు, ఆయన మోసిన భారమెట్టిదో ఊహింపవచ్చును. 2010లో ఆయన పరమపదించిన పండ్రెండేండ్లకు, అదే పీఠమునుండి పూల ఆంతోని కార్డినలు పదవిని పొంది, ఆ పదవికి చేరిన ప్రథమ దళితుడును ప్రథమ తెలుగువాడును ఐరి. భీమడోలు పిల్లలకు ఈ కథ ఆదివార పాఠశాలలో చెప్పుచున్నారో లేదో గాని, చెప్పవలసియున్నది.

ఇక చట్టము సంగతి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల పట్టికను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ ద్వారము తెరువబడినది. క్రైస్తవులకును ముసల్మానులకును మాత్రము నేటికిని మూసియున్నది. మన రాష్ట్రమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేర్చి, ఒక్క శాతము కేటాయించిరి. రంగనాథ మిశ్రా కమిషను 2007లో మతముతో నిమిత్తము లేక ఆ హోదా ఇయ్యవలెనని సిఫారసు చేసెను; మన శాసనసభ 2009లో ఒకమారు, 2023లో మరియొకమారు కేంద్రమును కోరుచు తీర్మానించెను; 2022లో న్యాయమూర్తి బాలకృష్ణన్ నేతృత్వమున మరియొక కమిషను నియుక్తమయ్యెను. ఇంతలో, తన్ను కులము పేర దూషించి కొట్టిరని ఒక పాస్టరు పెట్టిన కేసులో, పదేండ్లుగా పాస్టరుగానున్నవానికి అత్యాచార నిరోధక చట్టపు రక్షణ చెల్లదని రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము 2025లో తీర్పు చెప్పెను.

న్యాయస్థానమునకు చట్టమునందున్న అక్షరమే ప్రమాణము కావచ్చును. నా ఫిర్యాదు ఆ అక్షరము పైననే. కొట్టినవాడు ఆ పాస్టరును కొట్టునపుడు ఆయన బాప్తిస్మపు చీటీని అడిగి చూచినాడా? పేటలో ఇల్లు, పేటలో పుట్టుక, పేటలో పెండ్లి: ఇవి చూచియే కదా కులము తన వేటాడదగినవానిని గుర్తించును! ఈ ఉత్తరువు ఫలితముగా పేటవాడు రెండు పేర్ల బ్రతుకు బ్రతుకుచున్నాడు. బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో మరియొక పేరు. ఆదివారము ఒక మనుష్యుడు, సోమవారము తహసీలుదారు కార్యాలయమున మరియొకడు. తన విశ్వాసమును దాచుకొన్నగాని తన బిడ్డకు చదువు రాదన్న స్థితికి ఒక మనుష్యుని నెట్టిన రాజ్యము, ఆతని మీదనే మోసగాడన్న ముద్ర వేయుచున్నది. ఈ అబద్ధపు భారము పాస్టరు మనస్సాక్షి మీదను పడుచున్నది. రిజిస్టరు తెరువవలెనా మూయవలెనా యని తడబడు బోధకుడు ఏ ధైర్యముతో సత్యమును గూర్చి ప్రసంగింపగలడు? ఈ విషయమును వేదికలపై రాజకీయ నాయకులు మాటలాడుటకంటె, ప్రసంగపీఠమున పాస్టర్లు దాపరికము లేక మాటలాడుట అవసరము.

రాజకీయములు మాకెందుకు, ఆత్మలను రక్షించుట మా పని యని అనువారున్నారు. వారి భయము నాకర్థమగును. పేట పాస్టరునకు వెనుక నిలుచువాడు లేడు. అమెరికాలో సైతము నల్లవారి పాస్టర్లందఱును కింగు వెంట నడిచిరనుట కల్ల. నేషనల్ బాప్టిస్టు కన్వెన్షను అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్ ఆయన పద్ధతిని వ్యతిరేకింపగా, 1961లో ఆ మహాసంఘమే చీలి, ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్టు కన్వెన్షను పుట్టినది. కాని వాక్యము తెరచి చూచినచో, ఆత్మను దేహమునుండి విడదీయు ఈ బోధకు ఆధారము దొరకుట కష్టము. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరగా, రాణి యెజెబెలు అబద్ధసాక్షులను పెట్టించి నాబోతును చంపింపగా, రాజు ఆ భూమిని కాజేసినపుడు, దేవుడు ఏలీయాను ఆ తోటకే పంపెను, గుడికి కాదు. నెహెమ్యా గ్రంథమున అప్పులకై పొలములను తాకట్టు పెట్టి, బిడ్డలను దాసులుగా అమ్ముకొన్నవారి మొర విని, వడ్డీలు తీసికొన్న పెద్దలను నిండుసభలో నిలదీసినవాడు దైవభక్తుడు. ఈ అధ్యాయములు మన పేటలలో ఎన్ని ఆదివారములు చదువబడుచున్నవి?

చదువవలసిన చోటు ఏదైననున్నచో అది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరుల నీటిని పట్టుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు ఈ మంచినీటి సరస్సున, 1970ల నడుమ పేదల సహకార సంఘములకు చెరువులు ఇచ్చి, వడ్డెలును దళితులును బాగుపడుదురని ప్రభుత్వము తలచెను. కాలక్రమమున పెట్టుబడిగలవారు కౌలు పేరిట వానిలోనికి దిగి, పట్టాకాగితము పేదవానిది, పంట మరియొకనిది యయ్యెను. 1999లో అయిదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సారు ఒప్పందపు పట్టికకెక్కి, 2006లో అక్రమ చెరువుల గట్లు పగులగొట్టబడినవి. సరస్సును రక్షించుట సరియైన పనియే. పక్షులకు చోటుండవలెను, నీరు పారవలెను, అందుకు నేను మారుమాట చెప్పను. కాని గట్లు తెగినపుడు పెట్టుబడిదారుడు మరియొకచోట చెరువు త్రవ్వుకొనెను. కాపలా కాయువాడు, మేత చల్లువాడు, మెడలోతు నీటిలో వల లాగువాడు ఏమైరో ఎవరు లెక్క పెట్టిరి? ఆ వల లాగువారి సంఘమున ప్రసంగించు పాస్టరు గలిలయ సరస్సు జాలరులను గూర్చి చెప్పునపుడు, ఈ సరస్సు నీరెవరిది, చేపలెవరివి, కూలి యెంత యని అడుగకుండుట ఎట్లు?

పేటకు సంఘము అండగా నిలిచిన సందర్భములు మన చరిత్రలో లేకపోలేదు. 1985 జూలై 17న కారంచేడులో దళితులపై ఊచకోత జరిగినపుడు, బ్రతికి బయటపడినవారు పరుగెత్తి చేరినది చీరాలలోని చర్చి ఆవరణకు. అచటి శిబిరమునుండియే ఒక మహోద్యమము పెరిగి దళిత మహాసభ పుట్టినది. 2017లో మన పక్కనే భీమవరము చేరువ గరగపర్రులో, అంబేడ్కరు విగ్రహమును తక్కిన నాయకుల విగ్రహముల సరసన నిలుపగోరినందుకు పేటనంతటిని వెలివేసి, కూలికి పిలువక, కౌలు భూములు లాగుకొన్నప్పుడు, మాంట్‌గొమెరీ కథ తలక్రిందులుగా మన కన్నులయెదుట నడిచినది: అక్కడ పీడితులు బహిష్కరించిరి, ఇక్కడ పీడితులు బహిష్కరింపబడిరి. ఆ నెలలలో చుట్టుపట్ల పట్టణముల పెద్ద సంఘములన్నియు తమ ఆదివారపు కానుకను ఆ పేట వంటయింటికి పంపియున్నచో ఆ వెలి యెన్నాళ్లు నిలిచియుండునో యోచింపుడు.

స్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక ముగింపజాలను. మాంట్‌గొమెరీలో రాత్రికి రాత్రి వేలకొలది కరపత్రములు అచ్చొత్తి పంచినది జో ఆన్ రాబిన్సన్ అను ఉపాధ్యాయిని. పేరు మాత్రము పాస్టర్లకు దక్కినది. మన మందిరములలోను చాపలపై కూర్చున్నవారిలో స్త్రీలే యెక్కువ, పిడికెడు బియ్యము వారిది, కంఠము వారిది. సంఘపెద్దల బల్ల చుట్టు మాత్రము వారు లేరు. 2013లో ఎగ్గొని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘమున నంద్యాలకు బిషప్పై, ఆ సంఘమున ప్రథమ స్త్రీ బిషప్పుగా నిలిచినది తెలుగుదేశమునందే. అయినను పేటలో భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన భార్యకు, ఓర్చుకొనుమని చెప్పు అయ్యగారే నేటికిని అధికము.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరు, ఆకివీడులలో పాస్టర్ల సహవాసములు నెల నెలా కూడుచునే యున్నవి. వారికి నా విన్నపము స్పష్టమైనది. ఈ కోతపండుగ కానుకలో ఒక భాగమును విడిగా ఉంచి, పేటవారి కేసులను చూచుటకు ఒక న్యాయవాదిని పెట్టుకొనుడు. మందిరపు మైకులో వారమునకొకమారు కనీసవేతనపు రేటును, అర్జీ పెట్టు విధానమును చదివి వినిపింపుడు. రెండు పేటలకును ఒక్కటే ప్రభురాత్రి భోజనపు బల్ల వేసి, ఆ బల్లయొద్దకు ముందుగా రెండు సంఘముల పెద్దలును చేయిచేయి పట్టుకొని రావలెనని నిబంధన చేయుడు. అన్నిటికంటె ముందు, కొల్లేటి పల్లపు గ్రామములలో వానకాలమున నీరు నిలుచు సమాధుల స్థలములకు బదులుగా మెరక భూమి కావలెనని, మాలపేటయు మాదిగపేటయు వేఱువేఱుగా కాక ఒకే కాగితముపై వ్రేలిముద్రలు వేసి, అయ్యగార్లు ముందు నడువగా, కలెక్టరు కార్యాలయమునకు పోవలెను. ఆ భూమి వచ్చిన దినమున దానిలో నడిమి గోడ కట్టరాదని ఆ కాగితమునందే వ్రాసికొనవలెను.